గుర్రుమనే హక్కు

ఇంట్లో పెద్దబిడ్డగా పుట్టినవాళ్లు ఊహ తెలిసినప్పటి నుంచీ వినే మాట ఒకటుంది: "పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి." బొమ్మ లాక్కున్నది తమ్ముడే అయినా, జుట్టు పీకింది చెల్లెలే అయినా తీర్పు ముందే ఖాయమైపోయి ఉంటుంది. చిన్నవాడికి తెలియదు, పెద్దదానికి తెలుసు. కాబట్టి ఓర్చుకోవాల్సింది తెలిసినవాళ్లే. ఈ న్యాయం మనుషుల పిల్లల దగ్గరే ఆగిపోదు. ఇంట్లో పెంచుకునే కుక్కల దాకా వస్తుంది. మా ఇంటికి కుక్కపిల్ల వచ్చాక అది నా కళ్లతో చూశాను.

మాది రాజమహేంద్రవరం. ఇంట్లో అప్పటికే రాణి ఉంది. పదేళ్లు దాటిన లాబ్రడార్. వెనక కాళ్ల కీళ్లు పట్టేయడంతో మెట్టెక్కే ముందు ఒకసారి ఆగుతుంది. మధ్యాహ్నమంతా వరండాలో గోనెపట్టా మీద పడుకుంటుంది. చింటూ వీధిలో పుట్టినవాడు. తల్లి బండి కింద పడి చచ్చిపోయింది. పిల్లల్ని వీధిలోవాళ్లు తలా ఒకటి తీసుకుంటే, వీడు మా వాటాకి వచ్చాడు.

వచ్చిన రోజు నుంచీ వాడికి కనిపించినదల్లా కొరికి చూడాల్సిందే. చెప్పులు, చీర కుచ్చిళ్లు, చాప అంచు, మొక్కలకు నీళ్లుపట్టే పైపు, మా మడమలు. అన్నిటికన్నా ఎక్కువగా రాణి. చెవి పట్టుకుని వేలాడేవాడు. తోక పట్టుకుని వెనక్కి లాగేవాడు. పడుకున్నదాని మీదికి దూకి, మెడ దగ్గర వదులుగా ఉన్న తోలు పళ్లతో పట్టుకుని తల అటూ ఇటూ విదిలించేవాడు. రాణి మొహం తిప్పుకునేది. లేచి వెళ్లి ఇంకోచోట పడుకునేది. వాడు అక్కడికీ వెళ్లేవాడు. ఒక సాయంత్రం రాణి గొంతులోంచి సన్నగా గుర్రుమంది. వంటింట్లోంచి అమ్మ కేకేసింది: "ఏయ్ రాణీ! పసివాడు కదే! పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి."

అమ్మ ఆ మాట అన్నది ఇద్దరిమీదా ప్రేమతోనే. కానీ ఆ గుర్రు అక్కడిదాకా ఎలా వచ్చింది, దాన్ని నోరుమూయిస్తే ఏం జరుగుతుంది అని కూర్చుని ఆలోచిస్తే, ఆ చిన్న మాటకి ఇద్దరూ చెల్లించాల్సిన వెల చాలా పెద్దదని తెలిసింది.

ముందు చింటూ వైపు నుంచి చూద్దాం. కుక్కపిల్ల పుట్టినప్పుడు నోట్లో పళ్లుండవు. మూడో వారం ప్రాంతంలో పాలపళ్లు మొలవడం మొదలై, రెండు నెలలకల్లా 28 పళ్లూ వచ్చేస్తాయి. నాలుగో నెల ప్రాంతంలో అవి ఊడటం మొదలవుతుంది. ఆరేడు నెలలు వచ్చేసరికి వాటి స్థానంలో 42 గట్టి పళ్లు నిలబడతాయి. ఈ మధ్యకాలమంతా చిగుళ్లు సలుపుతుంటాయి. ఏదో ఒకటి నమిలితేనే ప్రాణం కుదుటపడుతుంది. అంటే కొరకడం కుక్కపిల్లకు చెడ్డబుద్ధీ కాదు, పొగరూ కాదు. దాని వయసుకి అది ఆకలీ నిద్రల్లాంటి అవసరం.

మరి పాలపళ్లకి అంత పదునెందుకు? కుక్కల పెంపకం గురించి విస్తృతంగా రాసిన ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు దీనికి ఇచ్చే వివరణ నాకు బాగా నచ్చింది. పళ్లకి పదును ఉన్న ఆ వయసులో దవడలో బలం ఉండదు. కాబట్టి కొరికితే నొప్పి పుడుతుంది గానీ పెద్ద గాయం కాదు. నొప్పి పుట్టిన తోబుట్టువు కుయ్‌మని అరిచి ఆట మానేసి వెళ్లిపోతుంది. ఇంత గట్టిగా కొరికితే ఆట పోతుందన్న లెక్క పిల్లకు అలా ఒంటబడుతుంది. దవడకి బలం వచ్చే లోపల నోటికి అదుపు రావాలి. ప్రకృతి ఇచ్చిన గడువు అది. అందుకే ఆయన నేర్పే క్రమంలో కొరకడం మొత్తంగా మాన్పించడం ముందు రాదు. మొదట కొరికే బలం తగ్గాలి, ఆ తర్వాతే కొరకడం తగ్గాలి. నోటి బలమెంతో తెలియకుండా పెరిగిన కుక్క ఏదో ఒకరోజు బెదిరి కొరికితే, ఆ ఒక్క కాటే లోతుగా దిగుతుంది.

ఈ చదువు మొదటి బడి తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ అనే చోట ఎన్నో ఏళ్లపాటు కుక్కపిల్లల్ని పరిశీలించి 1965లో ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. మూడో వారం నుంచి దాదాపు పన్నెండో వారం దాకా కుక్కపిల్ల తోటి ప్రాణులతో ఎలా మెలగాలో నేర్చుకునే కీలకమైన కాలమని వాళ్లు చెప్పింది ఈనాటికీ కుక్కల పెంపకానికి పునాదిగా ఉంది. మన దేశంలో 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు కూడా ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటున్నాయి. అయినా నెల దాటీ దాటకముందే పిల్లను బుట్టలో పెట్టి ఇంటికి తెచ్చుకోవడం మన ఊళ్లలో మామూలే. ముద్దుగా ఉంటుందని తెస్తాం. ఆ ముద్దు వెనక, పూర్తికాని చదువొకటి ఆగిపోయి ఉంటుంది. చింటూకి ఆ బడి తల్లి చావుతోనే మూతపడింది. మిగిలిన పాఠాలు ఎవరు చెప్పాలి? వాడి కంటికి ఇంట్లో ఉన్న కుక్క రాణి ఒక్కటే.

ఇక రాణి వైపు నుంచి చూద్దాం. కుక్క ఒక్కసారిగా కరవదు. కరవడానికి ముందు చాలా మెట్లు దిగుతుంది. మొదట మొహం పక్కకి తిప్పుకుంటుంది. నాలుకతో మూతి తడుపుకుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. లేచి వెళ్లిపోతుంది. అప్పటికీ వదలకపోతే ఒళ్లు బిగబడుతుంది, కంటి కొసల్లో తెల్లగుడ్డు కనిపిస్తుంది, పైపెదవి లేస్తుంది. ఆ తర్వాత గుర్రు. ఆ తర్వాత తగలకుండా గాల్లో ఒక కాటు. అన్నీ అయిపోయాక చివర్న అసలు కాటు. ప్రతి మెట్టు మీదా ఎదుటివాడికి తప్పుకునే అవకాశం ఉంది. రాణి గుర్రుమనే సరికి అది అడగాల్సిన పద్ధతులన్నిటిలోనూ అడిగేసింది. మొహం తిప్పుకున్నప్పుడు, లేచి వెళ్లినప్పుడు మనుషులం ఎవరం వినలేదు. గొంతు విప్పాక మాత్రం మందలించాం.

గుర్రుమన్నందుకు తిట్లు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది. నొప్పి మాత్రం మానదు. కీళ్లు అలాగే నొస్తుంటాయి, చెవి అలాగే మండుతుంటుంది. మధ్యలో ఉన్న మెట్టొకటి తీసేశాం కాబట్టి ఈసారి అది నేరుగా కాటు మీదికి దిగుతుంది. అప్పుడు ఇల్లంతా, చెప్పాపెట్టకుండా కరిచిందంటుంది. ఎన్నో ఏళ్లు నమ్మకంగా బతికిన కుక్కలు ముసలితనంలో కోపిష్టివని పేరు తెచ్చుకోవడం వెనక, గొలుసుకి కట్టేసి పెరటికి పరిమితం కావడం వెనక చాలాసార్లు ఉండే కథ ఇదే. చెప్పినప్పుడు విననిది మనం. శిక్ష పడేది దానికి.

రాజమహేంద్రవరంలో కూర్చుని కుక్కల గురించి రాస్తూ భారతాన్ని తలుచుకోకుండా ఉండలేను. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో, ఈ ఊళ్లోనే, నన్నయ ఆదిపర్వాన్ని తెలుగు చేశాడు. అందులో కథ మొదట్లోనే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. దేవతల కుక్క సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి వెళ్తే, రాజు తమ్ముళ్లు కొడతారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పరిగెత్తుతాడు. సంస్కృత మూలంలో ఆ తల్లి మొట్టమొదట అనుమానించేది తన కొడుకునే. నువ్వే ఏదో తప్పు చేసి ఉంటావంటుంది. హవిస్సు వైపు చూడలేదు, నాకలేదు అని వాడు చెప్పాకే నేరుగా రాజు ముందుకి వెళ్లి నిలదీస్తుంది. ఏ తప్పూ చేయని పసివాణ్ణి కొట్టారు కాబట్టి అనుకోని భయం వచ్చిపడుతుందని శపిస్తుంది.

ఈ ఘట్టాన్ని సాధారణంగా బలహీనుల్ని హింసించకూడదన్న నీతికి ఉదాహరణగా చెబుతారు. నిజమే. నాకు మాత్రం సరమ మొదటి ప్రశ్నే ఎక్కువ గుర్తుండిపోయింది. బిడ్డను నిలదీసి అడగడమూ, బిడ్డ కోసం రాజునైనా నిలదీయడమూ ఆ తల్లి ఒకే ప్రేమతో చేసింది. ఆ రెండింటిలో ఏ ఒక్కటి తీసేసినా పెద్దరికం పూర్తికాదు. చింటూ మీద రాణి గుర్రుమనడం ఆ మొదటి ప్రశ్న లాంటిదే. దాంట్లో పగ లేదు. వాణ్ణి ఇంట్లోంచి తరిమేయాలన్న ఉద్దేశం లేదు. నువ్వు హద్దు దాటావని చెప్పడం ఒక్కటే ఉంది.

అయితే కుక్కల మధ్య వినిపించే ప్రతి గుర్రూ బాధతో వచ్చేదీ కాదు, కనిపించే ప్రతి కాటూ గొడవా కాదు. ఇది తెలుసుకోకపోతే అనవసరంగా ఆటలన్నీ చెడగొడతాం. కుక్కలు ఆడుకునేటప్పుడు ముందు కాళ్లు చాపి, ఛాతీ నేలకి ఆనించి, వెనక భాగం పైకెత్తి తోకాడిస్తాయి. ఆటకి పిలుపు అది. కొలరాడో విశ్వవిద్యాలయంలో పనిచేసిన మార్క్ బెకాఫ్ కుక్కల్నీ, తోడేళ్లనీ, కయోట్లనీ గమనించి 1995లో ప్రచురించిన పరిశీలనలో ఒక చక్కటి సంగతి ఉంది. ఎదుటిది అపార్థం చేసుకునే ప్రమాదమున్న కాటుకి, అంటే పట్టుకుని తల విదిలించే రకం కాటుకి, సరిగ్గా ముందో వెనకో అవి ఈ వంగే భంగిమ ఎక్కువగా పెడతాయట. నేను చేసింది ఆటే సుమా అని హామీ ఇస్తున్నాయన్నమాట. పెద్ద కుక్క కావాలని వెల్లకిలా పడుకుని చిన్నదానికి పైచేయి ఇవ్వడం, పరుగులో వేగం తగ్గించుకోవడం, వంతులవారీగా తరమడం కూడా మంచి ఆటలో కనిపిస్తాయి. బలమున్నది తన బలాన్ని తానే తగ్గించుకుంటేనే ఆట నడుస్తుంది.

ఆటో కాదో తేల్చుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. అల్లరి చేస్తున్న పిల్లను కాసేపు పట్టుకుని ఆపాలి. పెద్దది వెతుక్కుంటూ తిరిగి వాడి దగ్గరికి వస్తే దానికి ఆడాలనే ఉంది. ఒళ్లు విదిలించుకుని దూరంగా వెళ్లి పడుకుంటే దాని జవాబు వచ్చేసినట్టే. ఇది మా ఇంట్లో ప్రతిరోజూ చేశాం. పొద్దున చల్లటి పూట చాలాసార్లు రాణి తిరిగి వచ్చేది. ఎండ ముదిరాక దాదాపు ఎప్పుడూ వచ్చేది కాదు. అడిగే పద్ధతి తెలిస్తే మూగజీవం కూడా స్పష్టంగానే సమాధానం చెబుతుంది.

అమ్మ మాటకి సరిగ్గా వ్యతిరేకమైన మాట కూడా లోకంలో ఉంది: "వాటి గొడవ అవే తేల్చుకుంటాయి, వదిలెయ్యండి." వినడానికి ఇది రాణి హక్కుని గౌరవించినట్టే ఉంటుంది. నిజానికి ఇదీ పెంపకం బరువంతా ముసలిదాని మీద పడేయడమే. కీళ్లనొప్పులున్న కుక్క రోజంతా కుక్కపిల్లకి పాఠం చెప్పలేదు. చెప్పీ చెప్పీ దాని ఓపిక అయిపోయిననాడు ఆ పాఠం గాయంగా మారొచ్చు. చిన్న వయసులో అలా దెబ్బతిన్న పిల్ల జీవితాంతం సాటి కుక్కల్ని చూస్తే బెదరొచ్చు. సర్దుకోమని చెప్పడమైనా, తేల్చుకోమని వదిలేయడమైనా, రెండు చోట్లా లేచి నిలబడాల్సిన మనిషి కూర్చునే ఉన్నాడు.

మరి లేచిన మనిషి ఏం చేయాలి? మేం మొదట చేసింది రాణిని పశువైద్యుడికి చూపించడం. పెద్ద కుక్క చికాకు పడుతోందంటే ముందు నొప్పి ఎక్కడుందో చూడాలని డాక్టరుగారు అన్నారు. కీళ్లకి మందు రాసిచ్చి, పడుకునే చోట మెత్తగా పరుపు వేయమన్నారు. నొప్పి తగ్గిన మేరకు రాణి ఓర్పు పెరిగింది. ఓర్పు స్వభావంలోనే కాదు, ఒంట్లోనూ ఉంటుంది. ముసలివాళ్ల చిరాకుని గుణం కింద లెక్కేసే ముందు వాళ్ల మోకాళ్ల సంగతి అడగాలి.

తర్వాత వరండాకీ హాలుకీ మధ్య గుమ్మానికి అడ్డంగా ఒక చిన్న చెక్క గేటు పెట్టించాం. గేటుకి అవతల గోనెపట్టా ఉన్న వైపు రాణిది. అక్కడికి చింటూకి ప్రవేశం లేదు. లేచి వెళ్లిపోయే దారి ఉన్న కుక్కకి గుర్రుమనే అవసరమే తక్కువ. మనుషులం ఎవరమూ చూడలేని సమయాల్లో ఇద్దరినీ కలిపి వదిలేవాళ్లం కాదు. కలిసి ఉన్నప్పుడు చింటూ మెడపట్టీకి తేలికపాటి తాడొకటి ఉండేది. హద్దు దాటగానే అరవకుండా, కొట్టకుండా, తాడు పట్టుకుని పక్కకి తీసుకెళ్లి, అర నిమిషమో నిమిషమో ఆగి మళ్లీ వదలడమే. కొరికితే ఆట ఆగుతుంది, నెమ్మదిగా ఉంటే ఆట సాగుతుంది. వాడికి చెప్పాల్సింది అంతే. మూతి బిగించి పట్టుకోవడం, ముక్కు మీద కొట్టడం లాంటివి చాలామంది చెప్పారు. అవి భయాన్ని నేర్పుతాయి, నోటి అదుపుని నేర్పవు. చేతిని చూస్తేనే బెదిరే కుక్క రేపు ఆ చేతినే కరుస్తుంది. మనం కుయ్‌మని అరిస్తే కొన్ని పిల్లలు ఆగుతాయి, కొన్ని ఇంకా రెచ్చిపోతాయి. చింటూ రెచ్చిపోయే రకం. వాడి దగ్గర పనిచేసింది మౌనంగా లేచి వెళ్లిపోవడమే.

సలిపే చిగుళ్లకి ఏదైనా ఇవ్వాలి కదా. తడిగుడ్డని మెలితిప్పి ముడేసి ఫ్రీజర్లో పెట్టి ఇస్తే చాలాసేపు దాంతోనే గడిపేవాడు. ఇవన్నీ ఒక ఎత్తు, నిద్ర ఒక ఎత్తు. కుక్కపిల్ల రోజులో పద్దెనిమిది, ఇరవై గంటలు నిద్రపోవాలి. ఇంట్లో సందడి వల్ల నిద్ర చాలని పిల్ల సాయంత్రానికి పిచ్చెత్తినట్టు పరిగెత్తి కనిపించినదల్లా కొరుకుతుంది. మనం దాన్ని హుషారనుకుంటాం. చింటూ సాయంత్రపు దాడులు చాలావరకు నిద్ర ముంచుకొచ్చిన పసివాడి ఏడుపే. చీకటిగా, చల్లగా ఉన్న గదిలో పడుకోబెడితే నిమిషాల్లో నిద్రలోకి జారేవాడు.

పసివాడు కదా అన్న మాట ఇంకో చోట మరీ ప్రమాదం. ఆటలో పిల్ల పంటి గీత మన చేతికి తగిలి నెత్తురు చిమ్మితే తుడిచేసుకుని ఊరుకుంటాం. మన దేశంలో రేబిస్ ఇంకా ప్రాణాలు తీస్తూనే ఉంది. లక్షణాలు బయటపడ్డాక దాదాపు బతికే దారి లేని జబ్బు అది. కుక్కపిల్లకి ఈ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో మొదలవుతుంది. అంటే ఎక్కువగా కొరికే వయసులోనే దానికి రక్షణ ఉండదు. గీరుకున్నా సరే, సబ్బుతో, పారే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే డాక్టరుకి చూపించాలి. వీధి పిల్లను తెచ్చుకున్నవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా పాటించాలి. చిన్నదే కదా అని వదిలేయడం ప్రేమ కాదు.

పళ్లు మారే వయసు గడిచేసరికి చింటూ నోరు మెత్తబడింది. రాణి మొహం తిప్పుకుంటే చాలు, ఆగి చూడటం నేర్చుకున్నాడు. గుర్రు దాకా వెళ్లే సందర్భాలు తగ్గిపోయాయి. ఆశ్చర్యంగా, రాణి ఆట పెరిగింది. కాదనే వీలున్నప్పుడే అది మనసారా ఔనంది. పొద్దున గేటు తీయగానే, నొప్పి ఉన్న కాళ్లతోనే ముందుకి వంగి చింటూని పిలిచే రాణిని చూస్తే, ఓర్చుకోవడానికీ ఇష్టపడటానికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది. బలవంతంగా సర్దుకున్న పెద్దవాళ్ల దగ్గర దొరికేది ఓర్పు ఒక్కటే. ఇష్టపడి దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ల దగ్గర పిల్లలకి చదువూ దొరుకుతుంది, ఆటా దొరుకుతుంది.

ఇంట్లో ప్రేమతో చాలని చెప్పేవాళ్లు లేని పిల్ల ఆ మాట బయట వింటుంది. వీధి మలుపులో ఏ పరిచయమూ లేని కుక్క దగ్గర వింటుంది. అక్కడ మెట్లుండవు, రెండో అవకాశం ఉండదు. రాణి గుర్రు నుంచి చింటూ నేర్చుకున్నది, ఎదుటివాళ్ల మొహం చూసి ఆగడం. వాడి బతుకంతటికీ అదే రక్ష. ఆ పాఠాన్ని మనం పెద్దదాని నోట్లోనే నొక్కేస్తే దానికి మర్యాదా మిగలదు, వాడికి క్షేమమూ మిగలదు. కాబట్టి పెద్దవాళ్లని సర్దుకోమని చెప్పాలనిపించినప్పుడల్లా మనం చేయాల్సింది ఒకటే: లేచి వెళ్లి చిన్నవాణ్ణి పక్కకి తీసుకురావడం.